శిష్యుడి కుంచెలో గురువు

కరోలస్-ద్యూరాన్ పేరు మనలో చాలామంది విని ఉండరు. ఒకప్పుడు పారిస్‌లో సంపన్నులంతా తమ చిత్రం ఆయనే వెయ్యాలని కోరుకునేవారు.

ఆయన 1837లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో పుట్టాడు. స్పెయిన్ వెళ్ళి వెలాస్కెజ్ చిత్రాలను అధ్యయనం చేశాడు. 1869లో నల్ల గౌనులో ఉన్న తన భార్య పోలీన్‌ని నిలువెత్తున చిత్రించాడు. ఆమె చేతి తొడుగు ఒకటి కింద పడి ఉంటుంది. 'తొడుగు వేసుకున్న స్త్రీ' అనే ఆ చిత్రంతో ఆయన దశ తిరిగింది.

నాకు మాత్రం ఆయన చిత్రాలకంటే పాఠం ఎక్కువ నచ్చింది. అప్పట్లో విద్యార్థులు ఏళ్ళ తరబడి పెన్సిల్‌తో గీతలు దిద్దాలి. ఈయన మొదటి నుంచే కుంచె, రంగు చేతికిచ్చేవాడు. ముందు వెలుగునీడల మధ్యస్థాయిని పట్టుకో, తర్వాత అక్కడి నుంచి చీకటివైపు, వెలుగువైపు వెళ్ళు అనేది పద్ధతి. థియరీ అంతా అయ్యాకే ల్యాబ్‌కి వెళ్ళే మనకి ఇది కొంచెం అసూయ కలిగించే విషయమే!

1874లో పద్దెనిమిదేళ్ళ జాన్ సింగర్ సార్జెంట్ అనే కుర్రాడు ఆయన దగ్గర చేరాడు. ఐదేళ్ళకి గురువు చిత్రమే వేసి, దానిమీద ప్రేమగా అంకితం రాశాడు. తర్వాత పేరులో గురువుని దాటిపోయాడు. ద్యూరాన్ 1917లో చనిపోయాడు.

ఇప్పుడు చాలామందికి ద్యూరాన్ తెలిసేది ఆ చిత్రంతోనే. అది ఓటమని నేననుకోను. ఫోన్‌లో ఆ రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూడండి. గురువు పాఠం శిష్యుడి చేతిలో కనిపిస్తుంది.