పెద్దల మతిమరుపును వారి భాషలోనే పరికించాలి: రాయకోట సేవా సంఘాలకు ఒక పాఠం

హోసూరు నుంచి ధర్మపురికి వెళ్లే రైలు మార్గంలో రాయకోట ఒక స్టేషన్. అక్కడి కొండమీది కోట 1791లో, మైసూరు యుద్ధకాలంలో ఆంగ్లేయుల వశమైంది. నేడు ఆ ఊరి పేరు టమోటా మండీ వల్ల ఎక్కువగా వినిపిస్తుంది. తమిళంలో మొదలైన బేరం కన్నడంలో సాగి తెలుగులో ముగియడం ఈ ప్రాంతంలో వింత కాదు. ఇటువంటి చోట సేవా సంఘం తన వారపు సమావేశంలో డిమెన్షియాపై ప్రసంగం ఏర్పాటు చేస్తే వక్తకు దొరికేది సుమారు అరగంట. ఆ అరగంటలో శ్రోతలు తెలుసుకొని ఇంటికి వెళ్లవలసిన విషయాలు ఇవి.

వయసు మరపు వేరు, వ్యాధి వేరు

తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిపోయి, కొంతసేపు వెదికి కనుగొనడం ఏ వయసులోనైనా జరిగేదే. తాళంచెవిని చేతిలో పట్టుకొని అది దేనికో తెలియక నిలబడిపోవడం వేరు. డిమెన్షియా అనేది ఒకే వ్యాధి పేరు కాదు. మెదడులోని మార్పుల వల్ల జ్ఞాపకం, ఆలోచన, మాట, దిక్కు తెలివి క్రమంగా సన్నగిల్లి, దైనందిన పనులు కుంటుపడే స్థితికి ఆ పేరు. దీనికి ముఖ్య కారణమైన వ్యాధిని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ తొలిసారి వివరించాడు. మెదడులో రక్తప్రసరణ దెబ్బతినడం మరొక ముఖ్య కారణం.

భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో దాదాపు 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాలలో కంటే పల్లెలలో ఇది ఎక్కువగా కనిపించింది. కనుక “ముసలితనం గదా” అని సరిపెట్టుకోవడం తగదు.

చదువురాని పెద్దలలో గుర్తులు

తేదీ చెప్పమనడం, అంకెలు రాయమనడం వంటి ప్రశ్నలతో బడికి వెళ్లని అవ్వ జ్ఞాపకాన్ని కొలవలేము. ఆమె జీవితకాలం చేసిన పనే ఆమెకు సరైన కొలమానం. ఏళ్ల తరబడి మండీలో పెట్టెల లెక్క నోటితో చెప్పిన మనిషి చిల్లర ఇవ్వడంలో తడబడుతున్నాడా? రాగిసంగటి కెలకడంలో పేరున్న అవ్వ ఎసట్లో పిండి వేయడం మరచిపోతున్నదా? సారులో ఉప్పు రెండుసార్లు పడుతున్నదా? తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నారా? మునుపు శాంతంగా ఉన్నవారు ఊరికే అనుమానపడుతున్నారా? ఇటువంటి మార్పు కొన్ని నెలలుగా పెరుగుతూ వస్తే వైద్యునికి చూపించాలి.

వలస కుటుంబాలు మరొక విషయం గమనించాలి. పల్లెలోని పాత ఇల్లు అనేక లోపాలను కప్పి ఉంచుతుంది; అక్కడ కాళ్లే దారి చూపుతాయి. కర్మాగారాలలో ఉద్యోగం చేసే పిల్లలు తల్లిదండ్రులను హోసూరులోని కొత్త ఇంటికి తెచ్చినప్పుడు, దాగి ఉన్న వ్యాధి ఒక్కసారిగా బయటపడవచ్చు. “ఊరు మారి మనసు పాడైంది” అని ఇంటివారు అనుకుంటారు. నిజానికి ఊరు మారడం వ్యాధిని కలిగించలేదు, కనపరిచింది.

రెండు భాషల బలం

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే పరిశోధన ఒకటి ఉంది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువు రానివారిలోనూ ఈ తేడా ఉంది. మూడో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు. ఒక భాషను ఆపి మరొకదానిలోకి మారడం మెదడుకు నిత్యవ్యాయామం అవుతుందని పరిశోధకుల ఊహ. ఇది రక్షాకవచం కాదు; బహుభాషలు తెలిసినవారికీ వ్యాధి వస్తుంది.

వ్యాధి ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాష నిలవడం కొందరిలో కనిపిస్తుంది. అందుచేత తెలుగు తల్లిని తమిళంలోనో ఇంగ్లీషులోనో పరీక్షిస్తే, భాషాలోపమే మతిలోపంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఇంటి భాష తెలుగని ముందే చెప్పాలి. ఆ భాష వచ్చిన బంధువు వెంట ఉండాలి.

వైద్యుని వద్ద

మతిమరుపులన్నీ నయం కానివి కావు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం, తల దెబ్బ వల్ల లోపల గడ్డకట్టిన రక్తం వంటి కారణాలను సరిచేస్తే చాలామంది కోలుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా గందరగోళం కలిగితే అది అంటుజ్వరం వంటి అత్యవసర స్థితి కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆల్జీమర్ వ్యాధికి పూర్తి నివారణ లేదు. మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి.

లోతైన పరీక్షలకు బెంగళూరులోని నిమ్హాన్స్ హోసూరు రోడ్డు మీదనే ఉంది. మానసిక సమస్యలపై సలహాకు టెలీ మానస్ 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్ లైన్ 14567 ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

సంఘం చేయగలిగిన పని

2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం, మార్చుకోగల పద్నాలుగు కారణాలను సరిదిద్దితే సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని తెలిపింది. అధిక రక్తపోటు, మధుమేహం, పొగ, మద్యం, వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. రక్తపోటు, మధుమేహం మందులను ఇంటికే తెచ్చి ఇచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం “మక్కళై తేడి మరుత్తువం” 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైంది. పథకం ఉన్నా, మాత్రలు క్రమంగా మింగుతున్నారో లేదో చూడవలసినది ఇంటివారే.

కంటి శిబిరాలు సేవా సంఘాలకు కొత్త కాదు. హెలెన్ కెల్లర్ 1925లో లయన్స్ సభ్యులను అంధుల పక్షాన నిలవమని కోరినప్పటి నుంచి అది వారి ముఖ్యసేవ. ఆ శిబిరానికి వినికిడి పరీక్షను జోడిస్తే ఒక్క రోజులో రెండు కారణాలపై పని జరుగుతుంది. వారపు సమావేశం కూడా ఒక సాధనమే. ప్రతి వారం కలిసే మిత్రుడు ఒకే కథ మళ్లీ మళ్లీ చెప్పినా, సమావేశపు రోజును తరచు తప్పినా, మిత్రులు ఇంటివారికంటే ముందే గుర్తించవచ్చు. అతనిని నవ్వులపాలు చేయక, కుటుంబానికి మెల్లగా తెలపాలి, రావడం మాన్పించకూడదు.

మాట తీరు

“ఇప్పుడే చెప్తిని గదమ్మా, మళ్లీ అదే అడుగుతావేమి!” అన్న విసుగు తల్లికి సమాధానాన్ని గుర్తుచేయదు, విసుగును మాత్రం మిగుల్చుతుంది. భర్త చనిపోయి ఏళ్లయిన తల్లి “మీ నాయన ఇంకా రాలేదేమిరా?” అని అడిగితే, ప్రతిసారీ మరణవార్త చెప్పడం ఆమెకు ప్రతిసారీ కొత్త దుఃఖం. “నాయన గుర్తొచ్చినాడా అమ్మా? ఆయన సంగతి చెప్పు” అంటే అబద్ధమూ లేదు, గాయమూ లేదు.

ఈ భారం తరచుగా ఒక్క కోడలి మీదనో కూతురి మీదనో పడుతుంది. వారానికి ఒక పూట మరొకరు ఆ బాధ్యత తీసుకుంటే ఆమెకు ఊపిరి ఆడుతుంది. ప్రసంగం ముగిశాక సభ ఆ పూటకు ఎవరు వస్తారో పేర్లు రాసుకుంటే, అరగంట సార్థకమైనట్లే.

చర్చకు ప్రశ్నలు

1. మన ఇంటి పెద్దలు నిత్యం చేసే ఏ పనిలో ఈ ఏడాది మార్పు కనిపించింది?
2. వారితో రోజుకు ఎంతసేపు వారి భాషలో మాట్లాడుతున్నాము?
3. మన వీధిలో ఒంటరిగా సేవ చేస్తున్న కుటుంబం ఏది?