మిర్చికి గోనె, పత్తికి నూలుగుడ్డ

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు నేటికీ ఎక్కువగా గోనె టిక్కీల్లోనే వస్తోంది. ఆహారధాన్యాలకు, పంచదారకు జనపనార సంచీలు తప్పనిసరి చేసిన 1987 నాటి చట్టం మిర్చికి వర్తించదు. ఇది సరుకు గుణాన్ని బట్టి ఏర్పడిన వాడుక. చెమ్మ ఆరని కాయ ప్లాస్టిక్‌ సంచీలో చెమర్చి, బూజు పట్టి, రంగు చెడుతుంది. శీతల గిడ్డంగి నుంచి తీసిన టిక్కీకి గాలి మరీ అవసరం. సంచీ ఖరీదులో మిగిలింది కాయ ధరలో పోతుంది.

గుంటూరు, ప్రకాశం పత్తిలో చిక్కు వేరు. ఖాళీ ఎరువుల సంచీల్లో నింపితే ప్లాస్టిక్‌ పోగులు పత్తిలో కలుస్తాయి. జిన్నింగులో అవి తేలికగా దొరకవు, బట్ట అద్దకంలో రంగంటని మచ్చలై బయటపడతాయి. అప్పటికి అవి ఏ 170 కిలోల బేలువో తేల్చడం కష్టం. మిల్లు ధర కోస్తే లాటు మొత్తానికీ కోస్తుంది. అయితే గోనె పీచుదీ ఇదే దోషం. పత్తి ఏరే సంచీకైనా, బేలు చుట్టుకైనా నూలుగుడ్డే తగును.