కంచే చేను మేస్తే

పంటచేనుకు కంచె ఎట్టిదో, కంప్యూటరుకు వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ అట్టిది. 1986లో లాహోరు నగరంలో ఇద్దరు సోదరులు రూపొందించిన ‘బ్రెయిన్’ వైరస్ ఫ్లాపీ డిస్కుల ద్వారా దేశదేశాలకు వ్యాపించింది. నేడు అట్టి ప్రమాదం ఇంటర్నెట్, పెన్‌డ్రైవుల ద్వారా ఇంటింటికీ చేరుతున్నది. అందువల్ల ఉచితంగా లభించే రక్షక సాఫ్ట్‌వేర్‌ను పలువురు ఆశ్రయిస్తున్నారు. దానిని ఎంచుకొనే ముందు గుణదోషాలను విచారించడం అవసరం.

విచారింపదగిన అంశాలు ప్రధానంగా మూడు. హానికరమైన ప్రోగ్రాములను పట్టుకోవడం మొదటిది. కంప్యూటరు వేగాన్ని తగ్గించకపోవడం రెండవది. హాని లేని ఫైలును వైరస్‌గా భ్రమించి తొలగించకపోవడం మూడవది. జర్మనీలోని ‘ఏవీ-టెస్ట్’ సంస్థ రక్షణ, వేగం, వినియోగ సౌలభ్యం అనే మూడింటికి ఆరేసి మార్కుల చొప్పున మొత్తం 18 మార్కులకు ఇట్టి సాఫ్ట్‌వేర్లను పరీక్షించి ఫలితాలను ప్రకటిస్తుంది.

ఈ మార్కులకు అందని అంశం మరొకటి ఉన్నది. అది వినియోగదారుని గోప్యత. రక్షణ కోసం నమ్మినవారి ఇంటర్నెట్ వీక్షణ వివరాలను ఇతరులకు విక్రయించినదన్న అభియోగంపై, అవాస్ట్ సంస్థ 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించాలని 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. కంచే చేను మేస్తే చేనుకు దిక్కెవరు?

2012లో వెలువడిన విండోస్ 8 మొదలు రక్షక సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే అంతర్భాగంగా లభిస్తున్నది. కావున ఉన్న కంచె చాలునో చాలదో ముందుగా తెలుసుకోవాలి. కొత్తది కావలసివస్తే పరీక్షా ఫలితాలతోపాటు ఒప్పంద నిబంధనలనూ చదవాలి. వెల లేని వస్తువుకు తాను చెల్లిస్తున్న మూల్యమేమిటో ఎరిగినవాడే వివేకి.

ప్రశ్నలు

1. రక్షక సాఫ్ట్‌వేర్ ఎంపికలో విచారింపదగిన అంశాలను వివరించండి.
2. ‘కంచే చేను మేస్తే’ అనే శీర్షిక ఔచిత్యాన్ని చర్చించండి.