సున్నకు చోటు దొరికిన కథ

మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి ముందు పలకా బలపం పెట్టి చిన్నారులకు అక్షరాభ్యాసం చేయిస్తాం. ఓనమాల తరువాత దిద్దించేది ఒకట్లే కదా! అందుకే ఈ పండుగ సంచికలో పాఠానికి అంకెల కథను ఎంచుకున్నాం.

"సున్నను కనిపెట్టింది మనవాళ్ళే" అని పిల్లలకు గర్వంగా చెబుతూ ఉంటాం. వాళ్ళు ఆ మాటే బడిలో చెబుతారు. అక్కడ ఎవరైనా "బాబిలోనియా వాళ్ళకూ, మాయా ప్రజలకూ కూడా సున్న ఉండేది" అంటే మన పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఇంటికి వచ్చి అడిగితే మన దగ్గరా జవాబు ఉండదు. అలా రెండు మూడుసార్లు జరిగితే, ఇంట్లో చెప్పే మంచి మాటల మీద కూడా వాళ్ళకు నమ్మకం సడలుతుంది. అందుకే ఉన్నది ఉన్నట్టు తెలుసుకుందాం. అసలు కథకు అతిశయోక్తులు అక్కర్లేదు.

పేర్లు వేరు, రాత వేరు

యజుర్వేదంలో ఏకం, దశ, శతం, సహస్రం, అయుతం అంటూ పరార్ధం దాకా పదమూడు సంఖ్యల పేర్లు వస్తాయి. ప్రతి పేరూ ముందుదానికి పది రెట్లు. పరార్ధం అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నలు. అంత పెద్ద సంఖ్యలకు పేర్లు పెట్టుకోవడం నిజంగా విశేషమే. కానీ పేరు ఉండడం వేరు, దాన్ని కొద్దిపాటి అంకెలతో రాయగలగడం వేరు.

ఈ తేడా మన శాతవాహనుల శాసనంలోనే కనిపిస్తుంది. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర నానేఘాట్ కనుమలోని గుహలో, రాణి నాగనిక కాలం నాటి శాసనం ఉంది. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం ప్రాంతానిది. యజ్ఞాలలో దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, కార్షాపణాల లెక్కలు అందులో బ్రాహ్మీ అంకెలలో ఉన్నాయి. అక్కడ పదికి ఒక గుర్తు, నూటికి మరొకటి, వెయ్యికి ఇంకొకటి. సున్న లేదు, దాని అవసరమూ లేదు.

చోటును బట్టి విలువ

మనం రోజూ చదివే అష్టోత్తరాన్నే తీసుకుందాం. 108లో 1 నూటిని, 8 ఎనిమిదిని చెబుతాయి. మధ్యలోని సున్న "పదుల చోటు ఖాళీగా ఉంది" అని చెబుతుంది. దాన్ని తీసేస్తే మిగిలేది 18. అంకె విలువ అది కూర్చున్న చోటును బట్టి మారడాన్నే స్థాన విలువ అంటాం. 499లో ఆర్యభటుడు ఒక స్థానం నుంచి తరువాతి స్థానానికి విలువ పది రెట్లు అవుతుందని తన ఆర్యభటీయంలో చెప్పాడు.

మరి బాబిలోనియా మాటేమిటి? వాళ్ళు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అరవై లెక్కన స్థాన విలువను వాడారు. ఖాళీ చోటుకు గుర్తు కూడా తరువాతి కాలంలో పెట్టుకున్నారు. గంటకు అరవై నిమిషాలు వాళ్ళ చలవే. మాయా ప్రజలు ఇరవై లెక్కన రాశారు, వాళ్ళకూ సున్న గుర్తు ఉండేది. ఇవన్నీ నిజాలే, ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు.

మనవాళ్ళు చేసినవి రెండు పనులు. మొదటిది, తొమ్మిది అంకెలూ ఒక సున్నతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాసే పద్ధతిని స్థిరపరచడం. రెండవది, సున్నను ఖాళీకి గుర్తుగానే వదిలేయక, దాన్నీ ఒక సంఖ్యగా లెక్కల్లోకి తీసుకోవడం. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో సున్నను కలిపితే, తీసివేస్తే, గుణిస్తే ఏమవుతుందో సూత్రాలుగా రాశాడు. ధనం, ఋణం అంటూ రుణ సంఖ్యలకూ నియమాలు ఇచ్చాడు. సున్నను సున్నతో భాగిస్తే సున్నే అన్నాడు. ఆ మాటను నేటి గణితం ఒప్పుకోదు. అయినా ఆ ప్రశ్నను నియమంగా ఎత్తుకోవడమే ఒక పెద్ద ముందడుగు.

గుడి గోడ మీద సున్న

గ్వాలియర్ కోట కొండ మీద చతుర్భుజ ఆలయం అనే చిన్న విష్ణు ఆలయం ఉంది. అందులో 876 నాటి శాసనం ఒకటుంది. స్వామి సేవకు పూలతోట కోసం 270 హస్తాల పొడవు, 187 హస్తాల వెడల్పు గల భూమి ఇచ్చారని, రోజూ 50 పూలమాలలు సమర్పించాలని అందులో ఉంది. ఆ 270, 50లలోని సున్నలు నేటి మన సున్నలాగే గుండ్రంగా ఉన్నాయి. మన గుడిలో దాతల పేర్ల పక్కన అంకెలు రాస్తామే, ఆ పనే అది.

అంతకు ముందటిది కంబోడియాలో దొరికింది. 683 నాటి ఆ శాసనంలో శక సంవత్సరం 605ను రాస్తూ సున్నకు బదులు చుక్క పెట్టారు.

దేశాలు దాటిన అంకెలు

662లో సిరియా పండితుడు సెవేరస్ సెబోఖ్త్ హిందువుల తొమ్మిది అంకెలను మెచ్చుకుంటూ రాశాడు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఈ లెక్కల పద్ధతి మీద పుస్తకమే రాశాడు. మన పిల్లలు కంప్యూటర్ పాఠాల్లో వినే "అల్గారిథమ్" ఆయన పేరు నుంచే వచ్చింది. 1202లో ఇటలీకి చెందిన ఫిబొనాచి తన గ్రంథంతో ఐరోపా వర్తకులకు ఈ అంకెలను నేర్పాడు. అరబ్బుల ద్వారా అందాయి కనుక అక్కడ వాటికి అరబిక్ అంకెలని పేరు పడింది. మన "శూన్యం" అరబ్బీలో "సిఫ్ర్" అయి, అక్కడి నుంచి "జీరో" అయింది. తెలుగులో అదే "సున్న".

తెలుగువారి లెక్కలు

9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో జైన పండితుడు మహావీరాచార్యులు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశారు. దాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనది నన్నయ గారి శతాబ్దమే, అంటే 11వ శతాబ్దమని పండితుల మాట. అంటే భారతంతో పాటే లెక్కలూ తెలుగులోకి వచ్చాయన్నమాట.

మన ఊళ్ళ లెక్కల్లో భిన్నాలకూ స్థానాలుండేవి. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం. పావుల చోట నిలువు గీతలు, వీసాల చోట అడ్డగీతలు గీసేవారు. పావుల చోటు ఖాళీ అయితే "హళ్ళి", వీసాల చోటు ఖాళీ అయితే "సున్న". "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అని పెద్దలు అనడం వినే ఉంటారు. ఈ గుర్తులను 2008లో యూనికోడ్‌లో కూడా చేర్చారు.

పిల్లలతో చేయించండి

1. 108ని 12తో మన అంకెల్లో గుణించండి. తరువాత రోమన్ అంకెల్లోనే ఉంచి ప్రయత్నించండి. తేడా వాళ్ళకే తెలుస్తుంది.

2. పూర్వం సంవత్సరాలను పద్యాల్లో మాటలతో చెప్పేవారు. గగనం అంటే 0, చంద్రుడు 1, నేత్రాలు 2, అగ్నులు 3, వేదాలు 4, బాణాలు 5, ఋతువులు 6, మునులు 7, వసువులు 8, గ్రహాలు 9. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెప్పాలి. "గగన చంద్ర గగన నేత్ర" అంటే ఏ సంవత్సరం? మీ పిల్లలు పుట్టిన సంవత్సరాన్ని ఇలా చెప్పించండి.

3. మహావీరాచార్యులు ఇచ్చిన హారం లెక్కలు: 139ని 109తో, 152207ను 73తో గుణించండి. జవాబులు ఎటు నుంచి చదివినా ఒకటే!

4. లక్షను ఇక్కడి పద్ధతిలో 100,000 అని, మన పద్ధతిలో 1,00,000 అని రాస్తాం. కోటికి కామాలు ఎక్కడెక్కడ పెట్టాలో రెండు విధాలా రాయించండి.

జవాబులు: 1) 1296. 2) 2010. 3) 15151, 11111111. 4) 10,000,000, 1,00,00,000.