దంతవైద్యం – వికలాంగుల హక్కు

పంటినొప్పి అందరికీ ఒకటే. దానిని చెప్పుకొనగల శక్తి మాత్రం అందరికీ లేదు. మాటలు రాని బాలుడు అన్నం ముట్టనప్పుడు మొండితనమని పెద్దలు పొరబడవచ్చు. అసలు కారణం పుచ్చిన పన్ను కావచ్చు. చేతులు స్వాధీనంలో లేనివారికి పళ్ళు తోముకొనుటే కష్టం. మూర్ఛవ్యాధికి వాడే ఫెనిటాయిన్ మందువల్ల కొందరికి చిగుళ్ళు ఉబ్బుతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులలో వారికి అవరోధాలు లేని ప్రవేశం, చికిత్సలో ప్రాధాన్యం కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 25వ సెక్షను నిర్దేశించింది. అయితే ర్యాంపు నిర్మించినంత మాత్రాన సరిపోదు. చక్రాల కుర్చీ నుండి చికిత్స కుర్చీకి చేర్చే సహాయకుడు, సైగలను గ్రహించే ఓర్పుగల వైద్యుడు అవసరం. ఇంటివద్ద లావుపాటి పిడిగల బ్రష్షు, దినమూ తోడ్పడే మనిషి ఉంటే అనేక దంతాలు నిలుస్తాయి.