రైతు అనగా ఎవరు?

“రైతు సోదరులారా!” అని వ్యాసమును ప్రారంభించుట వాడుక. ఆ పిలుపులో మీ ఇంటి రైతు ఒకరు విడిచిపోవుచున్నారు. నాట్లు వేయుట, కలుపు తీయుట, పత్తి ఏరుట, పాలు పితుకుట మున్నగు పనులలో పెక్కు భాగము స్త్రీలే చేయుచున్నారని మీరెరుగుదురు. అయినను రైతనగా పురుషుడే యని తలచుటచే సంసారమునకు కలుగు నష్టమును చూడుడు.

మొదటిది భూమి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశములోని కమతములలో స్త్రీల నిర్వహణలో నున్నవి నూటికి సుమారు 14 మాత్రమే. పట్టా లేని స్త్రీకి పంట ఋణము దొరకుట కష్టము. భూమి రికార్డును చూచి ఇచ్చు సహాయము ఆమె చేతికి రాదు. భర్త మరణించినచో, నిన్నటివరకు తాను పండించిన చేనికే ఆమె కాగితము వెదకుకొనవలసి వచ్చును.

రెండవది యంత్రము. నాగలి మగవానిది, నారు ఆడుదానిది అని పూర్వము పంచుకొంటిమి. నాటు యంత్రము రాగానే నాటు పని కూడ తరచు మగవారి చేతికి పోవుచున్నది. ఏలయన యంత్రము నడుపుట నేర్పునప్పుడు ఆడవారిని పిలువము. నేర్పకయే చేతకాదనుట న్యాయమా? 15,000 మహిళా సంఘములకు డ్రోనులిచ్చుటకై 2023లో కేంద్ర ప్రభుత్వము “నమో డ్రోన్ దీదీ” పథకమును ఆమోదించినది. శిక్షణ పొందిన స్త్రీలు వానితో మందు చల్లుచున్నారు.

మూడవది కుమార్తె. ఆడపిల్ల “ఆడ” పిల్లయే కాని “ఈడ” పిల్ల కాదను సామెత చెప్పి, వ్యవసాయ విద్యకు ఖర్చేలయని వెనుదీయుదురు. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ కుమార్తెకు కుమారునితో సమానముగా పిత్రార్జితమున హక్కు నిచ్చినది. అది పుట్టుకతో వచ్చు హక్కని సుప్రీంకోర్టు 2020లో స్పష్టము చేసినది. భూమిలో భాగమున్న పిల్లకు సేద్యపు చదువు దండుగ కాదు.

కావున ఈ క్రింది పనులు చేయుడు:

1. భూమి కొనునప్పుడు భార్య పేరు కూడ దస్తావేజులో వ్రాయింపుడు.

2. గ్రామాధికారులు వారసత్వ మార్పులో వితంతువుల పేర్లు, కుమార్తెల పేర్లు విడువరాదు.

3. శిక్షణ సభలను ఆడవారికి తీరిక గల వేళ, ఊరిలోనే జరుపుడు. వారిని పేరుపేరున పిలువుడు.

4. కుమార్తె వ్యవసాయ డిప్లొమా చదువుదునన్నచో పంపుడు.

ఈ ఏరువాకకు విత్తనము ఎంపిక చేయునప్పుడు ముందుగా మీ ఇంటి ఇల్లాలి సలహా అడుగుడు. నిరుడు ఏ మడిలో కలుపు ఎక్కువ పెరిగినదో వంగి తీసినది ఆమెయే కదా!