క్యాంపస్ మొత్తానికి ఒకే ప్లాంట్: లెక్క కుదురుతుందా?

కోజనరేషన్ అంటే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకుని వదిలేస్తాం. ఒకసారి మన క్యాంపస్‌కి లెక్క వేద్దాం. 1 మెగావాట్ గ్యాస్ ఇంజిన్ 40 శాతం సామర్థ్యంతో నడిస్తే, 2.5 మెగావాట్ల ఇంధనం తాగుతుంది. పొగలోనూ జాకెట్ నీళ్లలోనూ పోయే వేడిలో సుమారు 1 మెగావాట్ పట్టుకోవచ్చు. చలిదేశాల్లో దాంతో గదులు వెచ్చబెడతారు. మనకెందుకు ఇంకా వేడి! కానీ 0.7 సీఓపీ ఉన్న అబ్జార్ప్షన్ చిల్లర్‌కిస్తే, అదే వేడి దాదాపు 200 టన్నుల ఏసీ అవుతుంది.

చిక్కల్లా మే నెలతోనే. చల్లదనం బాగా కావాల్సినప్పుడే మనం సెలవులకి ఊళ్లకి పోతాం. పగలు ల్యాబులు, రాత్రి హాస్టళ్లు వాడుకుంటే లోడ్ నిలబడేది. హాస్టల్లో ఉన్నవి ఫ్యాన్లాయె. ఖాళీగా ఉన్న ప్లాంట్ పెట్టుబడి తిరిగి తేలేదు. పక్కనే ఆసుపత్రి ఉంటే మాత్రం, అక్కడ ఏసీ ఏడాదంతా ఆగదు కాబట్టి, ముందు కొలవాల్సింది మధ్యలో పైపు ఎన్ని మీటర్లో.